పెద్దవల పాటలో సన్యాసిరాజు ఆగిన చోటు

సన్యాసిరాజు నలభయ్యో ఏట వయొలిన్ పట్టాడు. అది ఆయన కోసం కొన్నది కాదు. కూతురు సత్యశ్రీకి పదేళ్లప్పుడు సంగీతం చెప్పించాలని భార్య తాయారు పట్టుబట్టి కొనిపించింది. పిల్ల మూడు నెలలు ఏడుస్తూ వెళ్లి, నాలుగో నెలలో తనకు షటిల్ బ్యాట్ కావాలంది. వయొలిన్ పెట్టె బీరువా మీదికెక్కింది. పోర్టులో క్రేన్ ఆపరేటరైన సన్యాసిరాజు ఒక సెలవురోజు బూజు దులుపుతూ ఆ పెట్టె దింపి, ఊరికే తెరిచి, కమానుతో ఒక తీగ మీద గీశాడు. తుప్పు పట్టిన గేటు తీసినట్టు వచ్చింది శబ్దం. వంటింట్లోంచి తాయారు అదేటని అడిగింది. ఆయన మళ్లీ గీశాడు. ఈసారి గేటు కొంచెం తక్కువ మూలిగింది. ఆ కొంచెం తేడాయే ఆయన్ని పట్టేసింది.

ఆ సాయంత్రమే పెందుర్తిలో రెండు వీధుల అవతల ఉండే నారాయణమ్మ గారింటికి వెళ్లాడు. బడిలో సంగీతం టీచరుగా రిటైరై, ఇంట్లో పిల్లలకు నేర్పే మనిషి ఆమె. సత్యశ్రీ మూడు నెలలూ ఏడ్చింది ఆమె ముందే. పాప మళ్లీ వస్తానందా అని అడిగిందావిడ.

"పాప కాదండి, నాను వస్తానండి," అన్నాడు సన్యాసిరాజు.

ఆమె ఆయన ముఖం చూడలేదు, చేతులు చూసింది. ఇరవై ఏళ్లుగా క్రేన్ లివర్లు పట్టి కాయలు కాసిన అరచేతులవి. తన దగ్గర ఉన్నది చిన్నపిల్లల బ్యాచీ ఒక్కటేనని, వాళ్లతో కూర్చోగలిగితే రమ్మని చెప్పింది.

కూర్చున్నాడు. ఎనిమిదేళ్ల పిల్లల వరసలో చివర, కాళ్లు మడుచుకుని, ఛాతీకి ఆటబొమ్మలా కనిపించే ఆ చిన్న వయొలిన్ ఆనించుకుని సరళీ స్వరాలు మొదలుపెట్టాడు. పిల్లలు ఆరు నెలల్లో జంట స్వరాలకు వెళ్లిపోయారు. ఆయనకు ఏడాదిన్నర పట్టింది. మధ్యలో కొత్త బ్యాచీ వచ్చింది, అదీ ఆయన్ని దాటిపోయింది. ఒకరోజు రెండు జడల పిల్ల ఒకతె మీ మణికట్టు తప్పుగా ఉంది అంకుల్ అని చెబితే, చేయి సరిచేసుకుని థాంక్స్ అమ్మా అన్నాడు. పక్కింటివాళ్లు నవ్వారు. డ్యూటీలో తోటివాళ్లు విద్వాన్ బావ అని పేరు పెట్టారు. ఆయన వాళ్లతో కలిసి నవ్వాడే తప్ప ఒక్క తరగతి మానలేదు. తెలియదని చెప్పుకోవడానికి సిగ్గుపడని మనిషి ఎంత దూరమైనా నడుస్తాడు. సన్యాసిరాజు అలా పదేళ్లు నడిచాడు.

ఎందుకింత కష్టం అని తాయారు ఒకసారి అడిగింది. రెండు రోజులు ఆలోచించి, అన్నం తింటూ చెప్పాడు. క్రేన్ క్యాబిన్‌లో కూర్చుంటే కింద సిగ్నల్ ఇచ్చేవాడి చెయ్యే తన చెయ్యి. అతను ఎత్తమంటే ఎత్తాలి, దింపమంటే దింపాలి, ఆపమంటే ఆపాలి. అలా చెయ్యకపోతే కింద మనుషుల ప్రాణాలు పోతాయి. అందుకని ఎనిమిది గంటలూ సొంత మనసు పక్కన పెట్టి పని చేస్తాడు. అది తప్పని కాదు, ఆ పనంటే ఆయనకు గౌరవమే. ఆయన దింపిన స్టీలు రేకు చుట్ట, కాయిల్ కింద కోడిగుడ్డు పెట్టినా చిట్లదని ఓడలు ఆగే బెర్త్ మీద చెప్పుకుంటారు. కానీ వయొలిన్ పట్టుకున్నప్పుడు మాత్రం కింద నుంచి ఎవరూ చెయ్యి ఊపరు.

"అది ఒక్కటే నాదనిపిస్తాది," అన్నాడు. తాయారు చారు వడ్డించింది. ఆ మాట మాత్రం ఆమె మనసులో ఉండిపోయింది.

ఆయనకు యాభై దాటాక ఒక మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. సరుకు తడుస్తుందని దించడం ఆపేశారు. నేలకు ఎనభై అడుగుల ఎత్తున, క్యాబిన్ అద్దాల మీద నీళ్లు ధారలు కడుతుంటే, సన్యాసిరాజు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. అప్పుడు నోట్లోకి ఒక వరస వచ్చింది. ఎత్తుగడ చిన్నది, ఒక్కో మెట్టూ ఎక్కి, మళ్లీ పట్టు దొరకబుచ్చుకుని, ఇంకో మెట్టు ఎక్కుతున్నట్టు ఉంది. రెండు గంటలు అదే కూనిరాగం తీశాడు. పైకి వెళ్లిన వరస చివర్లో కిందికి దిగివస్తూ ఒక స్వరం మీద నిలబడిపోవాలని, నిలబడి ఉండగానే ముగిసిపోవాలని అనిపించింది. షిఫ్టు దిగి ఇంటికొచ్చి, తడిసిన యూనిఫాం మార్చుకోకుండానే వయొలిన్ తీశాడు.

మర్నాడు నారాయణమ్మ గారు విని మళ్లీ వాయించమన్నారు. అది ఏ రాగంలోనూ కుదురుగా కూర్చోలేదని, ఆనందభైరవి పోలిక ఉందిగానీ అది కాదని చెప్పి, ఎవరిదని అడిగారు. నాదేనండి, నిన్న వచ్చిందండి అన్నాడు. పదేళ్లలో ఒక్కసారి కూడా బాగుంది అనని ఆ టీచరు, దీన్ని పాడుచెయ్యకు నాయనా అంది. అంతవరకు మీరు అని పిలిచిన మనిషి ఆ రోజునుంచి నువ్వు అంది. దానికి మించిన బిరుదు ఆయనకు అక్కర్లేకపోయింది. ఆ వరసకు 'రేవు' అని పేరు పెట్టుకున్నాడు.

మరుసటి ఏడాది, ఉద్యోగాలు చేసుకుంటూ సంగీతం నేర్చుకునేవాళ్ల కోసం గాజువాకలో సాగరస్వర సభ వాళ్లు పోటీ పెట్టారు. సొంత స్వరరచన వాయించాలన్నది నియమం. నారాయణమ్మ గారే ఆయన పేరు రాయించారు. కళ్యాణమండపంలో రెండు వందలమంది ముందు సన్యాసిరాజు 'రేవు' వాయించాడు. ముగిసినప్పుడు జనం వెంటనే చప్పట్లు కొట్టలేదు. ఆ చివరి స్వరం ఇంకా ఉందేమో అన్నట్టు చూస్తూ ఉండిపోయి, అప్పుడు కొట్టారు. మొదటి బహుమతి ఆయనకే వచ్చింది. సభ కార్యదర్శి దేవీప్రసాద్ శాలువా కప్పి షీల్డు చేతిలో పెట్టాడు.

మెట్లు దిగి వస్తుంటే ఒక ముసలామె ఎదురొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. పేరు సూర్యకాంతమ్మ, ఊరు సముద్రపు ఒడ్డున యారాడ. మనవరాలు సుధారాణి అదే సభ పెట్టిన పాటల పోటీలో పాడిందని తోడు వచ్చింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

"మా పెద్దవల పాట నీకెలగొచ్చింది బావూ? ఎంత బాగా వాయించినావు. మా అయ్య కళ్ల ముందు నిలబడ్డాడు."

పొగడాలనే అన్నదామె. వేరే ఉద్దేశం ఏమీ లేదు. ఆ మాట పక్కనున్న తాయారు తప్ప మరెవరూ వినలేదు. సన్యాసిరాజు ఏదో తల ఊపాడు. అది పాట కాదమ్మా, నేను కట్టిన వరస అని చెబుదామనుకున్నాడు. ఆ ముఖం చూసి మానేశాడు. ఆమె ఊరు, ఇల్లు మాత్రం అడిగి తెలుసుకున్నాడు.

తర్వాత పది రోజులు వయొలిన్ ముట్టుకోలేదు. యారాడ తను ఎప్పుడూ పోయింది లేదు. పుట్టింది పెందుర్తి దగ్గర వ్యవసాయం చేసుకునే ఇంట్లో, ఆ ఇంటికి సముద్రంతో పనేలేదు. అలాంటప్పుడు వాళ్ల పాట తన నోట్లోకి ఎలా వస్తుంది? ముసలామె పొరపడి ఉంటుందని సర్దిచెప్పుకుంటే మనసు ఒప్పుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకున్న తీరులో పొరపాటు లేదు. తనదని అనుకున్నది ఒక్కటే ఒక్కటి, అదీ తనది కాకపోతే ఇక తనదంటూ ఏముంది? డ్యూటీకి వెళ్లి వస్తున్నా, అన్నం తింటున్నా అదే ఆలోచన.

చివరికి నారాయణమ్మ గారితో చెప్పుకున్నాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. స గానీ ప గానీ ఎవరూ పుట్టించలేదని, విన్నదే మనలో నాని మరోలా బయటికొస్తుందని, అందులో దొంగతనం ఏమీ లేదని అంది. ఆయన ముఖం కాస్త తేటపడుతుండగా ఇంకో మాట చేర్చింది.

"తెలియక తీసుకుంటే తప్పు లేదు నాయనా. తెలిశాక చెప్పకపోతే ఉంది."

ఆ ఆదివారం పొద్దున్నే సన్యాసిరాజు, తాయారు బండి మీద బయల్దేరారు. వయొలిన్ పెట్టె తాయారు ఒళ్లో ఉంది. సింధియా కూడలి దాటి కొండ ఎక్కి దిగితే యారాడ. సూర్యకాంతమ్మ ఇంటి ముందు నెత్తళ్ల చేపలు ఎండబెడుతోంది. వాళ్లను చూసి సంతోషపడి, ఇసక దులిపి పీటలు వేసింది. ఆయన వచ్చిన పని చెప్పి, ఆ పాట ఒకసారి పాడమన్నాడు. పెద్దవల ఒడ్డునుంచి లాగేదని, రెండు తాళ్లూ పట్టుకుని ఇరవై ముప్పైమంది లాగుతారని, ఆ లాగుడుకు మగవాళ్లు పాడే పాట ఇదని, తను పక్కనుండి విన్నదేనని చెప్పి, ఆమె సన్నటి గొంతుతో ఎత్తుకుంది.

మొదటి రెండు వరసలకే సన్యాసిరాజుకు అర్థమైపోయింది. మెట్టు ఎక్కడం, పట్టు దొరకబుచ్చుకోవడం, మళ్లీ ఎక్కడం అంతా అదే. తాయారు భర్త వైపు చూడకుండా సముద్రం వైపు చూస్తూ కూర్చుంది.

"ఇది మా తమ్ముడు గురువులు పాడితే వినాల," అంది సూర్యకాంతమ్మ. "గురువులు ఎత్తుకుంటే తాడు దానంతటదే వొచ్చీసేది."

ఆ పేరు వినగానే సన్యాసిరాజు తల ఎత్తాడు. మీ తమ్ముడు ఎప్పుడైనా పోర్టులో పనిచేశాడా అని అడిగాడు. పడవ విరిగిపోయిన ఏడాది కొన్ని నెలలు సరుకుకు తాళ్లు బిగించే ఖలాసీగా వెళ్లాడని చెప్పిందామె.

ముప్పై ఏళ్ల నాటి సంగతి ఒక్కసారిగా కళ్లముందుకొచ్చింది. తను కొత్తగా హెల్పరుగా చేరిన రోజులు. క్రేన్ నిచ్చెన ఎక్కాలంటే భయం. నాలుగు మెట్లు ఎక్కి కిందికి చూసి దిగిపోయేవాడు. ఉద్యోగం మానేసి పొలానికి వెళ్లిపోదామనుకున్నాడు. అప్పుడు నల్లగా, పొట్టిగా ఉండే గురువులు అనే ఖలాసీ నిచ్చెన కింద నిలబడి, కిందికి చూడకుండా తన గొంతు మాత్రమే వినమని చెప్పాడు. అతను లాగి లాగి ఒక వరస పాడుతుంటే, ఒక్కో పట్టుకూ ఒక్కో మెట్టు ఎక్కాడు తను. అలా పన్నెండు రోజులు. పదమూడో రోజున పాట లేకుండానే ఎక్కేశాడు. కొన్నాళ్లకు గురువులు మళ్లీ వేటకు వెళ్లిపోయాడు. పెళ్లి, పిల్ల, ప్రమోషను వచ్చి, ఆ మనిషి ముఖం చెరిగిపోయింది. వరస మాత్రం ఒంట్లో ఉండిపోయి, ముప్పై ఏళ్ల తర్వాత అదే క్రేన్ల మీద, వానలో, పేరు చెప్పకుండా తిరిగొచ్చింది.

గురువులు ఒడ్డున పడవ నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. డెబ్బై దాటింది, ఒక కంటికి పొర కమ్మింది. సన్యాసిరాజు ఎదురుగా కూర్చుని పేరు చెబితే గుర్తుపట్టలేదు. నిచ్చెన సంగతి చెబితే కాసేపు వల వదిలేసి ఆలోచించాడు.

"పెందుర్తి గుంటడివా? కేరేజీలో గోంగూర తెచ్చేవోడివి," అన్నాడు.

సన్యాసిరాజు అవునన్నాడు. జరిగిందంతా చెప్పాడు. మీ పాటను నాదని చెప్పి బహుమతి తీసుకున్నాను, తెలియక చేశాను అని చెప్పి చేతులు జోడించాడు. గురువులు ఆ చేతులు విడదీసి, ముందు వాయించు, ఇందామన్నాడు.

ఇసక మీద కాళ్లు మడుచుకుని సన్యాసిరాజు వాయించాడు. గురువులు కళ్లు మూసుకుని విన్నాడు. ఎత్తుగడకు అతని భుజాలు వాటంతటవే ముందుకూ వెనక్కూ ఊగాయి. వరస పైకి వెళ్లినంతసేపూ ఊగుతూనే ఉన్నాడు. చివర్లో కమాను నెమ్మదించి ఆ ఒక్క స్వరం మీద నిలిచిపోయినప్పుడు ముసలాయన ఊగడం ఆపి కళ్లు తెరిచాడు.

"ఇక్కడ దాకా మాదే," అన్నాడు. "ఇది మాది గాదు. వల లాగినోడు ఆగడు. ఆగితే కెరటం వలని ఎనక్కి లాక్కెల్లిపోద్ది. మా పాట కేకేసి అయిపోద్ది. నువ్వు ఆగినావు. ఆ ఆగింది ఎవులు నేర్పినారు నీకు?"

ఎవరూ నేర్పలేదన్నాడు సన్యాసిరాజు.

"అయితే అది నీది," అన్నాడు గురువులు. "మిగతాదంటావా, లాగినోడికి సేపలో వాటా ఉంటాది గదా. నువ్వూ లాగినావు." అని మళ్లీ వల అందుకున్నాడు.

తిరుగుదారిలో కొండ మీద బండి ఆపి ఇద్దరూ కాసేపు నిలబడ్డారు. కింద ఓడలు, క్రేన్లు చిన్నగా కనిపిస్తున్నాయి. ఆగడం ఎక్కడ నేర్చుకున్నారు అని తాయారు అడిగింది. ఆయన కింది క్రేన్ల వైపు చూస్తూ చెప్పాడు. ఇరవై టన్నుల కాయిల్ దింపేటప్పుడు నేలకు జానెడు ఎత్తున ఆపాలి. తాడు మీద బరువు ఊగుతూ ఉంటుంది. ఆ ఊపు చచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుని, అప్పుడు దింపాలి. సిగ్నల్ ఇచ్చేవాడు దింపమని చెయ్యి ఊపేది అప్పటికే ఊపు ఆగాక. ఎంతసేపు ఆగాలో మాత్రం ఎవరూ చెప్పరు, చెప్పలేరు. అది లివరు మీదున్న చేతికే తెలియాలి. ఎనిమిది గంటలూ తన మనసు పక్కన పెట్టి పని చేస్తున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాడుగానీ, రోజుకు ఎన్నిసార్లో ఆ జానెడు ఎత్తున తనే ఉన్నాడు. వయొలిన్ పట్టక ముందునుంచీ ఉన్నాడు. ఈ సంగతి చెబుతుంటే ఆయన గొంతులో పది రోజుల బరువు దిగిపోవడం తాయారుకు తెలిసింది.

సోమవారం షీల్డు తీసుకుని దేవీప్రసాద్ దగ్గరికి వెళ్లాడు. కార్యదర్శికి ఇది తలనొప్పిగా తోచింది. పేరు చెక్కించేశారు, సభ సంచికలో ఫొటో వేసేశారు. జానపదులెవరూ వచ్చి అడగరని, ఈ రోజుల్లో ఎవరి వరస ఎవరిదో ఎవరికి తెలుసునని సర్దిచెప్పబోయాడు.

"నాకు తెలుసు గదండి," అన్నాడు సన్యాసిరాజు.

షీల్డు బల్ల మీద పెట్టి వచ్చేశాడు. సభవాళ్లు రెండో బహుమతి వచ్చినామెకు మొదటిది ఇచ్చారు. విద్వాన్ బావకి బుర్ర తిరిగిందని బెర్త్ మీద నవ్వుకున్నారు. పెందుర్తిలో కొందరు ఇచ్చింది తిరిగివ్వడం ఏమి సోకు అన్నారు. నారాయణమ్మ గారు మాత్రం ఆ వారం తరగతిలో పిల్లలందరి ముందూ ఆయన్ని తన పక్కన కూర్చోబెట్టుకున్నారు.

నెల తిరగకముందే దేవీప్రసాద్ ఫోన్ చేశాడు. తనకు నిద్ర సరిగ్గా పట్టడం లేదని నవ్వుతూ చెప్పి, సభ నెలవారీ కార్యక్రమానికి ఆ యారాడ పెద్దాయన్ని తీసుకురాగలరా అని అడిగాడు. సన్యాసిరాజు వెళ్లి పిలిచాడు. గురువులు ఒంటరిగా రానన్నాడు, ఆరుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. సూర్యకాంతమ్మ, సుధారాణి కూడా వచ్చారు.

వేదిక మీద సన్యాసిరాజు నాలుగు నిమిషాలు మాట్లాడాడు. మాట తడబడిందిగానీ ఏదీ దాచలేదు. తర్వాత గురువులును పాడమన్నారు. ఆయన కుర్చీలో కూర్చుని, మైకు వైపు చూసి, రెండుసార్లు గొంతు సవరించుకుని ఊరుకున్నాడు. పాట రాలేదు. చేతిలో తాడు లేకపోతే గొంతు ఎలా లేస్తుందని అడిగాడు. జనం నవ్వారు, ఆయన నవ్వలేదు. వంటశాల వెనక షామియానా తాడు ఒకటి దొరికింది. ఒక కొస యారాడవాళ్లు ఏడుగురూ పట్టుకున్నారు. రెండో కొస ముందు వరసలోని పట్టుచీరల వాళ్లకీ, కండువాల వాళ్లకీ అందించారు. గట్టిగా పట్టుకోండి, ఒగ్గీకండి అని చెప్పి గురువులు ఎత్తుకున్నాడు.

డెబ్బై దాటిన గొంతు మండపం చూరును తాకింది. ఆరుగురూ అందుకున్నారు. రెండో కొస పట్టుకున్న దేవీప్రసాద్ నాలుగడుగులు ముందుకొచ్చి పడ్డాడు. ముందు వరసంతా నవ్వుతూ, చెమటలు కక్కుతూ వెనక్కి లాగింది. ఆ లాగుడు మధ్యలో సన్యాసిరాజు వయొలిన్ కలిపాడు. తను వేదిక మీద ఒక్కడే వాయించిన రోజున తెలియనిది అప్పుడు తెలిసింది. ఇంతమంది గొంతుల్లో తన తీగ వినపడకపోయినా, తను అందులోనే ఉన్నాడు. కేకతో పాట అయిపోయింది. తాడు కిందపడింది. అందరూ ఆయాసపడుతూ నిలబడి ఉండగా సన్యాసిరాజు ఒక్కడే చివరి వరస అందుకుని, కిందికి దిగి, తన స్వరం మీద ఆగాడు. గురువులు ఆ నిశ్శబ్దం పూర్తయ్యేదాకా తలపాగా చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు సన్యాసిరాజుకు యాభై నాలుగు. డ్యూటీ మామూలే. మణికట్టు విషయంలో నారాయణమ్మ గారి చీవాట్లూ మామూలే. నెలకొక ఆదివారం యారాడ వెళ్తాడు. సుధారాణి ఫోన్‌లో రికార్డు చేస్తే, ఆయన స్వరాలు రాస్తాడు. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. నోటుబుక్కులో ప్రతి పాట పైనా గీత గీసి, అది ఎవరి నోట విన్నాడో, ఆ మనిషి ఎవరి దగ్గర విన్నదో రాసి ఉంటుంది. అదే పుస్తకం చివరి పేజీల్లో తనకు ఈమధ్య తోచిన రెండు వరసలున్నాయి. వాటి పైన కూడా అలాగే గీత గీసి, ఎక్కడినుంచి వచ్చాయో ఇంకా తెలియలేదు అని రాసుకున్నాడు.